సగంలో ఆగిన ముల్లు

నిన్న మా కారు సర్వీసుకిస్తే, డాష్‌బోర్డు తెర పోయిందనీ మొత్తం మార్చాలనీ బానెట్ ఎత్తకుండానే చెప్పేశారు. సరేనని సిడెన్‌హామ్‌లోని ఇంటికి టాక్సీలో తిరిగొస్తుంటే, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోని సంగతొకటి గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకైతే అర్థమవుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

ఈ దేశంలో నల్లవాళ్లకీ ఓటొచ్చి కొత్త ప్రభుత్వం ఏర్పడిన మరుసటేడు నేను విశాఖపట్నం నుంచి వచ్చి వెరులం దగ్గర ఓ చక్కెర మిల్లులో మీటర్ల పనిలో చేరాను. మిల్లు వాళ్ల పాత వరసిళ్లలో నా పక్కింటి ముసలాయన్ని తాతా అని పిలిచేవాణ్ణి. ఎప్పుడో చెరకు నరకడానికి మన కోస్తా పల్లెల నుంచి వచ్చినవాళ్ల మనవడాయన. మిగిలిన తెలుగల్లా వరసలూ, తిట్లూ, కూరల పేర్లే. ఇక్కడందరూ బక్కీ అనే పాత పికప్పు ఒకటుండేది ఆయనకి. పెరట్లో పండిన వంకాయలూ మెంతికూరా అందులో వెరులం బజారుకి తోలుకెళ్లి అమ్మితేనే ఆయనకీ మామ్మకీ ఇల్లు గడిచేది.

ఆ బక్కీలో ఒక్క మీటరూ పనిచేసేది కాదు. పెట్రోలెంతుందో పుల్ల ముంచి చూసుకునేవాడు, ఇంజన్ వేడిని వాసనతోనే పసిగట్టి చెట్టుకింద ఆపి నీళ్లు పోసేవాడు. ఆయనకది చాలు. నాకే, మీటర్లు చదువుకొచ్చిన వాణ్ణి కదా, చూస్తుంటే ప్రాణం ఒప్పలేదు. ఆయన అడక్కపోయినా పాత ఇనుము దుకాణంలో వేరే బండివి, పెట్రోలుకొకటీ ఇంజన్ వేడికొకటీ, రెండు మీటర్లు ఏరుకొచ్చి, ఓ ఆదివారం పూటంతా కూర్చుని బిగించాను. మిల్లులో ఏ మీటరునైనా మరిగే నీళ్లతో సరిచూడందే సంతకం పెట్టని నేను, మామ్మ భోజనానికి పిలుస్తోందని, ముల్లు కదిలితే చాలనుకుని చేతులు కడిగేసుకున్నాను. తాత మురిసిపోయి వీధంతా పిలిచి చూపించాడు.

నెల తిరక్కుండానే వెరులం ఎత్తు మీద ఇంజన్ కాలిపోయింది. వాసన ముందే వచ్చిందట, కానీ ముల్లు సగంలోనే కనిపించిందని ఆపలేదట. బాగుచేయించే స్తోమత లేక బండిని తుక్కుకిచ్చేశాడు. ఇచ్చేముందు నేను పెట్టిన వేడి మీటరు మాత్రం వైర్లతో సహా విప్పి, శుభ్రంగా తుడిచి నా చేతిలో పెట్టాడు.

"నీ ముల్లు గుడ్, నాయనా. నా కళ్లే ఫినిష్."

ఆ సాయంత్రమే దాన్ని బ్యాటరీకి కలిపి, వేడిని పసిగట్టే కొసని మరిగే నీళ్లలో ముంచాను. ముల్లు సగం దాకా వచ్చి ఆగిపోయింది. నీళ్లు అలా మరుగుతూనే ఉన్నాయి.

వెళ్లి చెప్పాలనుకున్నాను, సిగ్గేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. తాత రెండు బుట్టలతో, జనం కిక్కిరిసే వ్యాను టాక్సీల్లో బజారుకి తిరిగి, అదీ చేతకాక మానేసి, కళ్లు పోయాయని తనని తానే తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన వెనకే మామ్మా పోయింది. మిల్లు మూతపడింది, ఆ వరసిళ్లు కూల్చి పెద్ద పెద్ద గోడల మేడలు కట్టారు, గేటు దగ్గర పేరు చెబితే గానీ లోపలికి పోనివ్వరు. తాత పేరు చెబుదామంటే అక్కడ ఎవరికీ తెలియదు. ఆయన కళ్లకి ఏమీ కాలేదని ఇప్పుడు నేను ఎవరికి చెప్పుకోను?