మా మామ నేయని అలలు

కిందటేడాది మా మామకు కావలసి వచ్చింది ఒకే ఒక్క ఫొటో. మామ అంటే మా అమ్మ తమ్ముడు. సిరిసిల్లలో ఆయనకు నాలుగు సాంచాలున్నాయి, కరెంటుతో నడిచే మగ్గాలు. వాటి మీద ఆయన తెల్లటి షర్టు గుడ్డ నేశాడు, వెంట్రుకంత సన్నని నీలం చారలతో. ఆ గుడ్డ ఫొటో జగిత్యాలలో ఒక బట్టల దుకాణం సేటుకు నచ్చితే నాలుగు సాంచాలకూ ఆర్నెల్ల పని. నచ్చకపోతే నాలుగూ బంద్. సేటు మధ్యాహ్నం రెండింటికి సూరత్ బయలుదేరుతున్నాడు, ఈలోగా తేలకపోతే అక్కడే కొనుక్కుంటాడు.

మామ మొదట తన ఫోనుతోనే తీసి పంపాడు. నూట ఎనిమిది మెగాపిక్సెళ్ల ఫోను. ఆ అంకెను ఆయన సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లగాని జీతం చెప్పినట్టు చెబుతాడు. సేటు రెండు వేళ్లతో పెద్దగా చేసి చూస్తే చారల బదులు నీళ్లలో కలిపిన నీలిమందు కనిపించింది.

"గింత పెద్ద నంబరుండి గిట్లెందుకు అస్తున్నది రా అల్లుడా?" అని కోరుట్లలో ఉన్న నాకు ఫోను చేశాడు. నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. మా చుట్టాలలో సైన్సుకు నేనే దిక్కు.

"నంబరుతోని ఏమైతది మామా. గోరంత సెన్సారు మీద పదికోట్ల చుక్కలు ఇరికిచ్చిన్రు. ముంగట లెన్సేమో కందిగింజంత. గండ్లకెళ్లి అచ్చిన బొమ్మనే మసకగుంటే ఎన్ని చుక్కలుంటేంది."

"అంటే లెన్సు తుడవాల్నా?"

"గది గూడ తుడువు."

పొద్దున్నే బస్సెక్కి పోయాను. నా కెమెరాకు ఇరవై నాలుగే మెగాపిక్సెళ్లని విని మామ నీరసంగా అత్త వైపు చూశాడు. అత్త నాకు ఛాయ్ ఇచ్చింది కానీ బిస్కెట్ ఇవ్వలేదు. అంటే ఇంకా ఏ పక్షమో తేల్చుకోలేదు.

నా కెమెరాలో సెన్సారు పెద్దది, ఒక్కో చుక్కకూ వెలుతురు కడుపునిండా దొరుకుతుంది. లెన్సు కూడా మంచిది. గుడ్డను దండెం మీద వేసి ఆరడుగుల దూరం నుంచి తీశాను. అంచున వేలాడే పోగు కూడా స్పష్టంగా పడింది. మిగతాది చూడకుండానే పంపేశాను. నా పనితనం మీద నాకంత నమ్మకం.

సేటు వెంటనే ఫోను చేశాడు. "ఏందయ్యా, నిండ అలలు అలలే ఉన్నయ్. గుడ్డనా, చెరువా?"

నిజమే. ఫొటో నిండా గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వంకర అలలు.

మామ వెళ్లి నాలుగు సాంచాలూ ఆపేశాడు. ఇరవై ఏళ్లుగా నేస్తున్న మనిషి కళ్లెదుటి గుడ్డను వదిలి ఫొటోను నమ్మాడు. పోగులు లెక్కపెట్టే భూతద్దం పట్టుకుని సాంచ కింద దూరాడు. ఉన్నట్టుండి మోత ఆగేసరికి, ఇంట్లో ఎవరైనా పోయారేమోనని పక్కింటివాళ్లు తొంగిచూశారు.

"పోగులు తప్పినయ్. నా బతుకు ఖరాబైంది," కింద నుంచి మామ గొంతు.

"పోగులు తప్పలే మామా. మెల్లగ బయటికి రా, నెత్తికి తాకుతది."

తాకింది.

"సెన్సారు మీద చుక్కలు గూడ వరుసగ గళ్లోలె ఉంటయ్," అన్నాను. "నీ చారలు గా గళ్లంత సన్నగ పడ్డయ్. రెండు దోమతెరలు ఒకదాని మీదొకటి ఏసి చూడు, గిట్లనే అలలు కనవడ్తయ్."

"మరి నా ఫోన్ల ఎందుకు రాలే?"

"నీ ఫోన్ల చారలే రాలే మామా."

నమ్మలేదు. కెమెరా ఆయన చేతికే ఇచ్చి ముందుకు నడవమన్నాను. ఒక అడుగుకు అలలు కదిలాయి. రెండో అడుగుకు పలచబడ్డాయి. మూడో అడుగుకు మాయం. వెనక్కి జరిగాడు, వచ్చాయి. ముందుకు, పోయాయి. దండెం ముందు అలా ఊగుతూనే ఉన్నాడు.

"బతుకమ్మ ఆటకు ఇంక రెండు నెలలున్నది గదనయ్యా," అంది అత్త.

మూడో అడుగు దగ్గర ఫొటో మామే తీశాడు. ఒంటిగంటా యాభైకి పంపాం.

"గిది మంచిగున్నది, గిదే నెయ్యి," అన్నాడు సేటు. "ముందుగాల పంపిన ఖరాబు గుడ్డ తాను ఎవ్వలకన్న అంటగట్టకు, పేరు పోతది."

నేను వివరించబోతే మామ నా నోరు మూసి, "అట్లనే సేట్," అన్నాడు. సాంచాలు మళ్లీ నడిచాయి. అత్త బిస్కెట్లు తెచ్చింది.

అరగంటకు సేటు బండిలోంచి మళ్లీ ఫోను. ఆ అలల ఫొటో ఆయన కోడలు చూసిందట, చీరకు కావాలంటోందట. అయితదా?

మామ ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితది సేట్. జర టైం వడ్తది," అని ఫోను పెట్టేసి, నా వైపు ఎంతో గౌరవంగా తిరిగాడు.

"చెప్పు అల్లుడా, గవి ఎట్ల నేసినవ్?"