కష్టం ఆమెది, పన్నూ ఆమె పేరు మీదే

మా మేనత్త కన్నుమూసి నెల దాటింది. అమీర్‌పేటలో ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్లు ఇంకా ఆది జాకెట్టు పట్టుకుని వస్తూనే ఉన్నారు. వాళ్లకు ఆ కబురు చెప్పే పని నాకు పడింది.

సిరిసిల్లలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. ఒక్క మిషనుతో మొదలుపెట్టి దుకాణం నిలబెట్టింది. నాకు కుట్టు నేర్పిందీ ఆమే. కానీ దుకాణం అద్దె కాగితం మామ పేరు మీద ఉండేది. దాంతో మా ట్యాక్స్ లెక్కలు రాసిపెట్టే సారు ఆ సంపాదనంతా ఏళ్లపాటు మామ ఆదాయంగానే చూపించాడు. మా ఇంట్లో ఎవరికీ అది తప్పని తోచలేదు.

ఎంబ్రాయిడరీ మిషను కోసం లోను అడిగితే బ్యాంకులో, "మీకు ఆదాయమే లేదు కదమ్మా" అన్నారు. నాతో కలిసి బ్యాంకుకు వచ్చిన అత్త అటునుంచి ఇంటికి మళ్లలేదు. నన్ను వెంటబెట్టుకుని నేరుగా పంజాగుట్టలో సారు ఆఫీసుకు నడిచింది.

"సార్, పొద్దుందాక మిషను తొక్కేది నేను. మీ కాగితాలల్ల మా ఆయన ఎట్ల కుడుతుండు?"

"గిప్పుడు మారిస్తే పరేషాన్ అయితదమ్మా" అన్నాడు సారు.

"కానియ్యుండ్రి. పన్ను పడితే కడత. నా కష్టం నా పేరు మీద రాయుండ్రి."

ఈ సంగతి విని మామ చిన్నబుచ్చుకున్నాడు. అత్త మాత్రం తగ్గలేదు, ఆ ఏటి నుంచి రిటర్ను ఆమె పేరు మీదే పడింది.

అప్పటినుంచి దారం, సూదులు, మిషను రిపేరు, ఏ బిల్లూ పారేసేది కాదు. దుకాణం వెనకే ఇల్లు, రెంటికీ ఒకటే మీటరు. కరెంటు బిల్లు మొత్తం దుకాణం ఖర్చులో వేద్దామని సారు అంటే నవ్వింది. "ఇంట్ల మిక్సీ సుత జాకెట్లు కుడుతదా సార్?" వేరే మీటరు పెట్టించేదాకా ఊరుకోలేదు. నాతో అనేది: "హక్కున్నది ఇడువొద్దు బిడ్డా, లేనిది ముట్టొద్దు." కొన్నేళ్లకు ఆ రిటర్నులు చూశాకే బ్యాంకు లోను ఇచ్చింది. ఎంబ్రాయిడరీ మిషను వచ్చిన రోజు అత్త వీధంతా పెసర లడ్డూలు పంచింది. అలాంటి మనిషి చేతి కింద పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వం.

చనిపోయినవాళ్ల తరఫున చివరి రిటర్ను వారసులే వేయాలి. మొన్న మామను తీసుకుని సారు దగ్గరకు వెళ్లాను.

"అమ్మ లేదు కద, ఈసారి దుకాణం ఆమ్దానీ మీ దాంట్లనే కలిపేద్దామా?" అన్నాడు సారు.

మామ తల అడ్డంగా ఊపాడు. "వద్దు సార్. అది ఆమె సంపాదన. నేను ఉత్త సంతకం పెట్టెటోణ్ని."

ప్రింటు తీసి ముందు పెట్టారు. మామ సంతకం చేశాడు. పెన్ను పక్కన పెట్టి, కాగితంలో అత్త పేరున్న చోట వేలు ఆనించాడు. కాగితం తీసుకుందామని చెయ్యి చాపిన సారు, ఆ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.