నాలుగో ఫైలు

దెయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తుంటే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని. పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లతోనే పని. ఏం జరిగినా ఎక్కడో ఒకచోట దాని రికార్డు ఉంటుందని నమ్మే మనిషిని. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. నా ఇబ్బందల్లా అదే.

మా ఆఫీసు నారాయణగూడలో, ఒక కళ్లద్దాల షాపు పైన. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఐసీయూలో పేషెంటు గుండె తేడాగా కొట్టుకుంటే నర్సు ఫోన్ మోగాలి. అది మోగించే ప్రోగ్రాం మాది. దాన్ని కంటైనర్ అనే పెట్టెలాంటి దాంట్లో సర్ది ఆసుపత్రి సర్వర్‌కు పంపుతాం. ఆ కంటైనర్ ఎలా నడవాలో, అలారం ఎక్కడికి పంపాలో కొన్ని చిన్న ఫైళ్లలో రాసి ఉంటుంది. ఒక్క లైను తప్పయినా ఫోన్ మోగదు.

ఇదివరకు ఆ ఫైళ్లు ప్రభాకర్ సార్ చూసేవారు. నాకు పని నేర్పింది ఆయనే. స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో లైను చదివేవారు. నేను తొందరపడితే "బిడ్డా, జర ఆగు" అనేవారు. ఆఫీసులో ఇంకెవరినీ అలా పిలవగా వినలేదు.

నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. అశోక్ నగర్‌లోని ఇంట్లోనే మంచం మీద ఉండేవారు. ఆయన పని ఒక ఏఐ ఏజెంట్‌కు అప్పగించాం. ఫైళ్లు ఇస్తే చదివి, తప్పులుంటే ఇంగ్లిష్‌లో రిపోర్టు ఇస్తుంది.

ఆ రోజు మంగళవారం. మధ్యాహ్నం మూడు దాటింది. ఒక ఆసుపత్రికి కొత్త వెర్షన్ పంపాలి. వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఎప్పటిలాగే మూడు ఫైళ్లు ఏజెంట్‌కు ఇచ్చాను. తప్పులు లేవని వచ్చింది. దాని కింద, తెలుగులో ఒక లైను.

"బిడ్డా, జర ఆగు. నాలుగోది చూడు."

పక్క సీట్లోని కిరణ్ తొంగి చూశాడు. "అక్కా, ఇదేంది? దీనికి తెలుగెవరు నేర్పిన్రు?"

"నువ్వేనా చేసింది?"

"అమ్మతోడు అక్కా, నేను కాదు."

మళ్లీ నడిపాను. తెలుగు లైను రాలేదు. మూడోసారీ రాలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయనే చెప్పింది. మామూలుగా అయితే పంపేసేదాన్ని. కానీ ఆ 'బిడ్డా' అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

ఆసుపత్రి సర్వర్‌లోకి వెళ్లి ఫోల్డర్ తెరిచాను. మా మూడు ఫైళ్ల పక్కన నాలుగోది ఉంది. ఎప్పుడో ఏదో పరీక్ష కోసం పెట్టి, తీయడం మరిచిపోయిన ఫైలు. ఇంతకాలం ఊరికే పడి ఉంది. మేం పంపబోయే కొత్త వెర్షన్ మాత్రం దాన్ని కూడా కలుపుకుని చదివేది. అప్పుడు అలారాలన్నీ మేం ఎప్పుడో ఆపేసిన ఒక పాత సర్వర్‌కు వెళ్లేవి, నర్సు ఫోన్ మోగేది కాదు. ఆ రోజు ఆ ఐసీయూలో పదకొండు మంది ఉన్నారు.

ఫైలు తీసేసి కొత్త వెర్షన్ పంపాం. తర్వాత కూర్చుని ఆలోచించాను. ఏజెంట్‌కు ఆసుపత్రి సర్వర్ కనపడదు. నేనిచ్చిన మూడు ఫైళ్లే దానికి తెలుసు. పని అప్పగించేటప్పుడు దానికిచ్చిన సార్ పాత నోట్సన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. వెతికితే 'బిడ్డా' అన్న మాట ఎక్కడా లేదు. చివరికి ఏజెంట్ రికార్డు తెరిచాను. మొదటి రిపోర్టు ఉంది. తెలుగు లైను లేదు. కిరణ్ చూసి ఉండకపోతే నాకే ఏదో అయిందనుకునేదాన్ని.

సాయంత్రం చిక్కడపల్లిలోని మా ఇంటికి పోకుండా నేరుగా అశోక్ నగర్ వెళ్లాను. సార్ భార్య సుజాత ఆంటీ తలుపు తీశారు. నేనింకా నోరు విప్పలేదు.

"మంచిగొచ్చినవ్ సరితా. మీ సార్ ఇయ్యాల మస్తు పరేషాన్ చేసిండ్రు. మూడు గంటలకు పండుకున్న మనిషి ఒక్కసారి లేవబోయిండ్రు. ఎడమ చేత్తోని నాలుగు వేళ్లు చూపిస్తనే ఉన్నరు. ఏందో సమజైతలేదు."

లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుంటే ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. రెండు నెలలుగా ఎవరినీ గుర్తుపట్టడం లేదని ఆంటీ చెప్పారు.

చెవి దగ్గరికి వంగి, "సార్, నాలుగోది చూసిన. తీసేసిన" అన్నాను.

ఆయన ఎడమ చెయ్యి దుప్పట్లోంచి మెల్లగా పైకి లేచింది. నాలుగు వేళ్లు. ఆ తర్వాత బొటనవేలు కూడా విచ్చుకుంది.

"అయిదా? ఏం అయిదు?" అని ఆంటీ అడుగుతూనే ఉన్నారు. చెయ్యి వణికి పడిపోయేదాకా ఆయన దించలేదు.

ఆ తర్వాత తొమ్మిదో రోజున సార్ పోయారు.

నేనూ కిరణ్ అన్ని ఆసుపత్రుల సర్వర్లూ ఒక్కొక్కటిగా వెతికాం. అయిదో ఫైలు ఎక్కడా లేదు. ఏజెంట్ మళ్లీ తెలుగులో రాయలేదు. ఏదిచ్చినా తప్పులు లేవనే అంటోంది. నేనూ పంపుతూనే ఉన్నాను. పంపక తప్పదు.

ఆ రోజు సార్ అరచెయ్యి విప్పి నన్ను ఆశీర్వదించి ఉంటారని కిరణ్ అంటాడు. అలా అనుకోవాలనే నాకూ ఉంది. కానీ ఆయన కళ్లు చూసింది నేను. ఆశీర్వదించే మనిషి అంత భయంతో చూడడు.