పాతర మీద చల్లిన జొన్నలు

మొన్న దేవరకొండలో మా బిడ్డ ఇంటికి పోతే, పెరటి చుట్టూ ఇనుప జాలి కట్టిస్తూ కనిపించింది. ఉన్నవి ఆరు కోళ్లు. రోజుకు ఒకటైనా పక్కింటి కూరమడిలో తేలుతున్నదట. "నువ్వు పెంచినదానివే గదనే అమ్మా, అవి బయటికి పోకుంట ఏం జేస్తుంటివి?" అని అడిగింది. జాలి రెండు మూరలుంటే చాలదు, మూడన్నా ఉండాలని చెప్పి ఊరుకున్నాను. కోళ్లను ఆపే ఉపాయం నాకు ఇంకొకటి తెలుసు. అది ఎంత బాగా పనిచేస్తుందో కూడా తెలుసు కనుక చెప్పలేదు.

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం అది. నాకు పదహారేండ్లు, కాపురానికి వచ్చి ఏడు నెలలు. ఇంట్లో అత్త, పొద్దున పోతే పొద్దుగూకినాక గాని చెలక నుంచి తిరిగిరాని మా ఇంటాయన, నేను, పదకొండు కోళ్లు. ఇది ఊరికి తెలిసిన లెక్క. ఊరికి తెలియని మనిషి ఇంకొకరున్నారు. సర్కారు మీద కొట్లాడే సంఘంలో తిరుగుతున్న మా మరిది కాలికి దెబ్బ తగిలి వచ్చి, పెరట్లో జొన్నలు దాచుకునే పాతరలో పడుకొని ఉన్నాడు. మనిషి నిలబడితే తల మునిగేంత గొయ్యి. మూతికి బండ, బండ మీద మన్ను, అంచున గాలికి బెత్తెడు సందు.

ఆ రోజుల్లో సంఘంవాళ్లను వెతుక్కుంటూ ఊరిమీదికి సర్కారు తుపాకులవాళ్లు వచ్చేవారు. వాకిట్లో కోడి కనిపిస్తే పట్టుకునేవారు. అది ఉరికితే దాని వెంట ఇంట్లోకి వచ్చేవారు. వచ్చినవాళ్లు కోడితో సరిపెట్టుకోరు, అటకలు దించుతారు, నేల పొడిచి చూస్తారు. అందుకని మా కోడి ఒక్కటి వీధిలో కనబడకూడదు. అత్త ఒకవైపు రెక్క ఈకలు కత్తిరించింది. గోడ కూలినచోట తుమ్మకంప అడ్డం పెట్టింది. అయినా పోయేవి. నాకప్పటికి అక్షరం ముక్క రాదు గాని, ఎవరూ నేర్పకుండానే లెక్క వచ్చింది. ఏ కోడి, ఏ పూట, ఎటునుంచి పోతున్నదో బొగ్గుతో గోడమీద గీతలు పెట్టుకుంటూ వచ్చాను. ఆరు రోజుల గీతలు చూస్తే తేలిందేమంటే, కడుపు నిండిన కోడి ఎటూ పోదు. ఒకేచోట, ఒకే వేళకు గింజలు దొరికితే ఆ వేళకు ముందే వచ్చి అక్కడ నిలబడుతుంది. పూటకు రెండు పిడికిళ్ల చొప్పున మూడు పూటలా జొన్నలు చల్లడం మొదలుపెట్టాను. చోటు కూడా ఆలోచించే ఎంచుకున్నాను. గంజి తీసుకుపోయే నా అడుగుల గుర్తులు కోళ్ల గీకుడుకు చెరిగిపోతాయని, పాతర మీదనే చల్లాను.

తొమ్మిది రోజులు ఒక్క కోడీ గడప దాటలేదు. మెచ్చుకోవడం అలవాటు లేని అత్త కూడా "నీ మంత్రమేందో గని పిల్లా, కోళ్లు కోడండ్లకన్న బుద్ధిగున్నయి" అన్నది. మరిది మాత్రం సందులోంచి గంజి అందుకుంటూ, "వదినా, నీ కోళ్లు పొద్దంత నా నెత్తిమీదనే కచేరి పెడుతున్నయి. జర దూరం తోలరాదు" అన్నాడు.

"నీకు తోడుంటయి తియ్యి," అని నవ్వేశాను.

పదో రోజు తుపాకులవాళ్లు మా వాడంతా వెతుకుతూ, ఏ కోడీ పిలవకుండానే వచ్చారు. ఆరుగురు. కంప లాగి పడేసి పెరట్లోకి దిగారు. గడ్డివాము పొడిచారు, గాబు వంచారు, ఏమీ దొరక్క మళ్లుతున్నారు. సరిగ్గా అది జొన్నలు చల్లే వేళ. పదకొండింటికి పదకొండూ వచ్చి పాతర చుట్టూ నిలబడ్డాయి. గింజ లేదని గీకడం మొదలుపెట్టాయి.

ఒకడు ఆగాడు. "ఏమే ముసల్దానా, గీడ ఏం పాతిండ్రు?"

"కోళ్లు బాంచెన్, గీకుడే వాటి పని," అన్నది అత్త.

వాడు కాలితో మన్ను తోశాడు. బండ అంచు తెల్లగా బయటపడింది.

మరిది తనంతట తానే చేతులెత్తి బయటికి వచ్చాడు. ఇరవై రోజుల చీకటి తర్వాత కండ్లు తెరవలేకపోతున్నాడు. నన్ను దాటి పోతూ, "వదినా, కంప తీసిండ్రు, కోళ్లు పోతయి సూడు," అన్నాడు. నేను కదలలేదు.

నాలుగు కోళ్లను వాళ్లు పట్టుకుపోయారు. మిగిలినవాటిని అత్త మరునాడే అమ్మేసింది. "పాడు కోళ్లు, తిన్న ఇంటినే పట్టిచ్చినయి," అని చనిపోయేదాకా తిట్టింది. అవి ఆ చోటికే ఎందుకు వచ్చాయో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

పోలీసు చర్య అయినాక మరిది తిరిగివచ్చాడు. వాళ్ల దెబ్బలకు కుడిచేతి రెండు వేళ్లు వంగేవి కావు, ముద్ద కలుపుకోవడానికి ఇబ్బందిపడేవాడు. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. ఇరవై నాలుగేండ్లు అదే ఇంట్లో, రోజుకు రెండు పూటలు. మరిదికి అంతా తెలుసు, నెత్తిమీద ఆ గీకుడు చప్పుడు విన్నవాడు ఆయనే. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నేనే ఎత్తాలి, తప్పు నాదని ఒక్క మాట అనాలి అనుకుంటూనే కంచం ముందు పెట్టి లేచిపోయేదాన్ని. పోయిన కార్తీకంలో ఆయన పోయేదాకా, ప్రతిరోజూ నాకింకా రేపు ఉందనే అనిపించింది.