రావద్దన్న కవరు

ఆ రోజుల్లో సూరత్‌లో అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది నిశ్శబ్దం. పుట్టినప్పటి నుంచి మగ్గాల టకటకల మధ్య నిద్రపోయినదాన్ని, లాక్‌డౌన్‌తో అవి ఆగిపోయేసరికి నాకు కంటి మీద కునుకు లేదు, కూర్చుంటే కాలు నిలవదు. ఒక గది, వంటిల్లు ఉన్న మా ఇంట్లో బాపు ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తుంటే నేను ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచేదాన్ని. మధ్యలో ఎదురుపడితే ఒకరికొకరం దారి ఇచ్చుకునేవాళ్లం. చీరల వ్యాపారం చేసే సేఠ్ దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరి, ఆయనిచ్చిన లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను. దుకాణం మూతపడింది కాబట్టి పని లేదు, లాప్‌టాప్ మాత్రం ఉంది. అలాంటి ఇరవై రెండేళ్ల పిల్ల ఇంటికి ఎంత ప్రమాదమో మావాళ్లకు అప్పటికింకా తెలియదు.

ఆంక్షలు కాస్త సడలగానే మా అక్క పెళ్లి కుదిరింది. రెండు పక్కలా కలిపి యాభై మందికి మించకూడదని రూలు. మా చుట్టాలేమో సిరిసిల్ల, షోలాపూర్, భివండీ, మగ్గమున్న ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పిలిస్తే అందరూ వస్తారు, పిలవకపోతే జన్మలో మాట్లాడరు. బాపు ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. శుభలేఖ అందరికీ పోస్టులో పంపాలి, కవరు మీద అడుగున మాత్రం ‘ఇంటి నుంచే దీవించగలరు’ అని రాయాలి. పిలిచినట్టూ ఉంటుంది, రావద్దన్నట్టూ ఉంటుంది. సూరత్‌లో తప్పక రావలసిన కొద్దిమంది దగ్గరివాళ్లకు మాత్రం ఆ మాట ఉండకూడదు.

“చేతితోని రాసుడేంది బాపు? కంప్యూటర్ల ఒక్కపారి కవరు చేసి దాసుకుంటే, పేరు మార్చుకుంట ఎన్నంటే అన్ని తీసుకోవచ్చు. రేపు నా పెండ్లికి గూడ అదే అక్కరకొస్తది” అన్నాను. “ముందుగాల పిలగాడు అక్కరకు రానియ్” అంది అమ్మ, వంటింట్లోంచి.

కవరు కొలత పెట్టాను. ఎడమ పక్క పైమూలన మా చిరునామా, మధ్యలో అవతలివాళ్లది ఇంగ్లీషులో, అడుగున దీవెన మాట తెలుగులో. (అది చుట్టాలకు అర్థమైతే చాలు, పోస్టుమాన్ దీవించనక్కర్లేదు.) మా ఇళ్లలో మొదటి శుభలేఖ దేవుడికి, ఆ తర్వాతది ఇంటి ఆడబిడ్డకు. అంటే సూరత్ పక్కనే కడోదరాలో ఉండే మా మేనత్తకు. అందుకని నమూనా కవరు ఆమె పేరు మీదే చేసి, ముచ్చటపడి దాచి, సందులో జిరాక్స్ షాపుకెళ్లి దీవెన మాటతో సహా ముద్రించుకున్నాను. తర్వాత సూరత్ దగ్గరివాళ్ల వంతు. అదే ఫైలు తెరిచి, అడుగున ఉన్న మాట చెరిపేసి, పేర్లు మార్చుకుంటూ పోయాను. మార్పులు భద్రపరచాలా అని కంప్యూటర్ మర్యాదగా అడిగిన ప్రతిసారీ నేనూ మర్యాదగా సరే అన్నాను. టెంప్లేటుగా దాచి ఉంటే ప్రతిసారీ కొత్త నకలు తెరుచుకునేది, అసలుకు ఏమీ అయ్యేది కాదు. నేను దాచింది మామూలు ఫైలు. పై ఊళ్లవాళ్ల వంతు వచ్చేసరికి అందులో దీవెన మాటే లేదు, నా చూపేమో పేర్ల మీదే ఉంది. అమ్మ కవర్ల మూలలకు పసుపు పెట్టింది. బాపు ఒకసారి చూసేవాడే, కానీ కళ్లద్దాలు విరిగాయి, అద్దాల దుకాణాలు తెరవలేదు. “మంచిగనే ఉంటయి తియ్” అని పోస్టు చేయమన్నాడు.

వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. సిరిసిల్ల చిన్నాయన సంబరంగా, “అన్నా, కార్డు ముట్టింది. ఇంటిల్లిపాది వస్తున్నం, టెంపో గూడ మాట్లాడినం” అన్నాడు. “ఇంటికాన్నుంచే దీవించుమని రాసినం గద తమ్మీ” అన్నాడు బాపు. “యాడ రాసిండ్రే?” అన్నాడాయన. షోలాపూర్ వాళ్లూ బయల్దేరుతున్నారు, భివండీ వాళ్లూ బయల్దేరుతున్నారు. అన్నిటికన్నా చివర కడోదరా నుంచి వచ్చింది. “తమ్మీ, కార్డు ముట్టింది. మంచిగున్నది. ఇంటికాన్నుంచే దీవిస్త తియ్” అని మేనత్త ఫోను పెట్టేసింది. తల్లి పోయాక బాపును సాకింది ఆమే, సూరత్ తీసుకొచ్చి మగ్గం మీద నిలబెట్టిందీ ఆమే. పెళ్లిపిల్లకు మొదటి పసుపు పెట్టాల్సిందీ ఆమే. అన్ని నెలలుగా గోడకూ గోడకూ మధ్య తిరిగిన మనిషి కూర్చుండిపోయాడు. “అక్కకు నా మొకమెట్ల చూపియ్యాలె” అన్నాడు. ఆయన నడక ఆగితే నాకు భయమేసింది.

లాప్‌టాప్‌ను సంచీలో పెట్టుకుని (సాక్షిగా) స్కూటీ మీద కడోదరా వెళ్లాను. మేనత్త మాస్కుతో గ్రిల్లు తలుపు వెనకే నిలబడింది. కవరు దేవుడి పటం పక్కన ఉంది. నేను లాప్‌టాప్ తెరవబోతే, “నాకు మిషిన్లు చూపియ్యకు బిడ్డ. చాయ్ తాగుతవా?” అంది. అంత మర్యాద చేసిందంటే నేను పరాయిదాన్నైపోయానని అర్థం. నాకు ఏడుపొచ్చింది. జరిగిందంతా చెప్పి, “అందరస్తే పోలీసోళ్లు పెండ్లి ఆపుతరు అత్తమ్మా. ఇప్పుడు రావద్దంటే బాపుతోని ఎవ్వలు మాట్లాడరు” అన్నాను.

“అయితే రావద్దని నాకొక్కదానికే రాసిండ్రా?”

“అవును.”

“ఇంకెవ్వలికి లేదా?”

“లేదు అత్తమ్మా.”

తిడుతుందనుకున్నాను. గ్రిల్లు తలుపు తీసి, “సిరిసిల్లకు కలుపు” అంది. ఆ తర్వాత ఆమె గొంతు విని నేనే నమ్మేశాను. “ఆడిబిడ్డను, నాకే ఇంటికాన్నుంచి దీవించుమని కార్డు వంపిండ్రు తమ్మీ. చేతుల వట్టుకోని కూసున్న. నేనే పోతలేను, మీరెట్ల బయలెల్లుతుండ్రు?” షోలాపూర్‌కు మళ్లీ అదే మాట, భివండీకి ఇంకాస్త దుఃఖం కలిపి అదే మాట. కవరు ఫొటో కూడా పంపించింది. టెంపోలన్నీ ఆగిపోయాయి. ఆడబిడ్డకే పిలుపు లేని పెళ్లికి మాకు లేదని ఎవరు అలుగుతారు? పైగా అందరూ ఆమెను ఓదార్చారు.

మరి అంత చెప్పిన మనిషి పెళ్లిలో కనబడితే ఎలా? బిల్డింగు డాబా మీద జరిగిన పెళ్లిని చుట్టాలందరూ వీడియో కాల్‌లో చూస్తున్నారు. ఫోను పట్టుకున్నది నేను, నా వెనక మేనత్త. అక్కకు మొదటి పసుపు పెట్టే వేళకు నా భుజం మీదుగా ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒక్కటే ముందుకొచ్చింది. “గా చెయ్యెవలిది?” అన్నాడు సిరిసిల్ల చిన్నాయన. “పక్కింటి గుజరాతీ ఆంటీది” అన్నాను. మేనత్త కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు మాత్రం నవ్వలేదు. ఆ చేతినే చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

పోయినేడు నా పెళ్లి. (పిలగాడు అక్కరకొచ్చాడు.) పాత ఫైలు వెతికి పట్టుకున్నాను. ఈసారి బుద్ధిగా టెంప్లేటుగా దాచి, మొదటి కవరు మళ్లీ మేనత్త పేరు మీదే తీశాను. రూలు లేదు, లెక్క లేదు, ఎవరైనా రావచ్చు. అయినా పోస్టు చేసిన రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోయాను, మళ్లీ గోడ నుంచి గోడకు నడిచాను. ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మీద నాకు ఇప్పటికీ కోపమూ వస్తుంది, ముద్దూ వస్తుంది. చివరికి ఫోను మోగింది.

“బిడ్డా, కవరు ముట్టింది. కింద ఏం రాయలేదేంది? ఈపారి నేను ఫోను ముందట నిలవడాల్నా, ఎనుకనా?”

“ముందటనే అత్తమ్మా” అన్నాను.

“అయితే మంచి చీర కొనుక్కోవాలె బిడ్డ. అప్పుడంటే గాజులతోనే ఎల్లిపాయె.”