తువ్వాల కొసన ముడి

తొంభైలలో మేడ్చల్ దగ్గర మాకు ద్రాక్షతోట, మా మాటలో అంగూరు తోట, ఉండేది. పండ్ల పెట్టెలు డీసీఎం వ్యానులో ఎక్కించిన రోజు మా అత్త ధర సంగతి ముందు తన కొడుకుతో, అంటే మా ఆయనతో మాట్లాడేది, వ్యాపారి మాట తర్వాత.

"ఏ ధరకు దిగితే ఇగ ఆగకుండ అమ్మేస్తవ్, చెప్పు."

ఆయన ఒక అంకె చెప్పేవాడు. "అయితే ముడెయ్యి" అనేది. తువ్వాల కొసన ముడి పడ్డాకే బండి కదలాలి.

"మార్కెట్ల నీ బుద్ధి నీకాడ ఉండదు బిడ్డా. ఇంటికాడనే ముడేసుకొని పో. అంగూరు రేపటిదాంక ఆగదు."

తర్వాత బోర్లు ఎండిపోయాయి, తోట తీసేశాం, అత్త కూడా పోయింది. రెండువేల సంవత్సరం తర్వాత ప్లాట్లవాళ్లు వచ్చి ఆ భూమి కొన్నారు. ఆ డబ్బుతో శామీర్‌పేట వైపు ఎకరంన్నర కొందామని ముందుగా కొంత డబ్బు బయానా ఇచ్చాం. రెండు నెలల్లో రిజిస్ట్రేషన్. అమ్మేవాళ్లు ఒకటే మాట చెప్పారు: కనీసం ఎకరమైనా తీసుకోవాలి, లేదంటే బయానా తిరిగి రాదు. మాకు ఇక మిగిలేది ఆ భూమి ఒక్కటే.

మా ఆయన అంత డబ్బూ తీసుకెళ్లి ఒక కంపెనీ షేర్లలో పెట్టాడు. పెట్టొచ్చాక నాకు చెప్పాడు.

"రెండు నెలలు బ్యాంకుల పండవెడితే ఏమొస్తదే? జర పెరగనీ, రెండెకరాలు కొందాం."

మొదట్లో పెరిగింది. రోజూ ఏదో ఒక పొట్లం పట్టుకుని ఇంటికొచ్చేవాడు. తర్వాత పొట్లాలు ఆగిపోయాయి. స్కూటర్ స్టాండు వేసి, దిగకుండా దాని మీదే కూర్చునేవాడు. షేరు ధర దిగిందా అని అడిగితే కోపం.

"నీకేమెర్క? గిది భూమి లెక్కనే. ఆపుకుంటే పెరుగుతది. మా తాత అమ్మలే, మా బాపు అమ్మలే, గందుకే గింత ధర పల్కింది."

మా వైపు అందరి బుద్ధీ అదే. భూమి అమ్ముకున్నవాడు చెడిపోవడం, ఆపుకున్నవాడు బాగుపడటం కళ్లారా చూశాం. అదే బుద్ధితో షేర్ల దగ్గర కూర్చున్నారు.

రిజిస్ట్రేషన్ పన్నెండు రోజులుందనగా ఆయన పొద్దున ఏమీ తినకుండా వెళ్లాడు. నేను టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. బస్టాండు దగ్గర మేడ మీద ఉండేది ఆ షేర్ల ఆఫీసు. పదిమంది మగవాళ్లు గోడకున్న తెర వైపు చూస్తూ కూర్చున్నారు. కంప్యూటర్ ముందు ఒకామె ఉంది.

"నువ్వెందుకొచ్చినవే గిక్కడికి?" అన్నాడు మా ఆయన.

"అన్నం తెచ్చిన."

"నాది తినే మొఖం లెక్క కనబడ్తాందా?"

నేను చదివింది నాలుగో తరగతే, కానీ అంకెలు నాకు బాగా తెలుసు. "మనది ఏది?" అన్నాను. వేలు చూపించాడు. రెండువందల యాభై రెండు. కొన్నది మూడువందల అరవైకి.

"గిది భూమా, అంగూరా?" అని అడిగాను.

ఆయనకు అర్థం కాలేదు. పక్క కుర్చీలో ఉన్నాయన నవ్వాడు.

"రెండేండ్లు ఆపుకుంటవా దీన్ని?"

"ఏడ ఆపుకుంట? పన్నెండు రోజులే ఉన్నయ్."

"మరి అంగూరే గద."

పక్కాయన నవ్వు ఆపి, "అక్క మంచిగనే అడిగింది పటేలా, జవాబు చెప్పు" అన్నాడు.

"ఎంతకు దిగితే మనకు ఎకరం గూడ రాదు?" అన్నాను. ఆయన పెదాలు కదుపుతూ లెక్క వేశాడు. "రెండువందల నలభై కింద పోతే రాదు."

ఆయన భుజం మీది తువ్వాల తీసి చేతికిచ్చాను. నా మొహం చూశాడు, తెర చూశాడు, ముడి వేశాడు.

ఇక కూర్చున్నాం. యాభై అయిదయింది. యాభై ఎనిమిదయింది. "సూసినవా, పెరుగుతాంది!" అంటూ గోటితో ముడి విప్పబోయాడు. అది పూర్తిగా విడక ముందే నలభై తొమ్మిది. నలభై ఆరు. నలభై నాలుగు దగ్గర, కుండలో అన్నం ఉడికేంతసేపు ఆగింది. నా నాలుక ఎండిపోయింది. ఎదురుగా మంచినీళ్ల కుండ ఉన్నా లేవాలనిపించలేదు. నలభై ఒకటి.

"ఏం జేద్దాం పటేలా?" అంది కంప్యూటర్ దగ్గరామె.

నలభై.

"ఇంకొక్క పది నిమిషాలు" అన్నాడు ఆయన.

మాట్లాడితే పంతానికి పోతాడు. ముడి ఉన్న కొస తీసి ఆయన అరచేతిలో పెట్టాను. గట్టిగా పట్టుకున్నాడు. కణతల మీద చెమట పోసింది.

"అమ్మెయ్యమ్మా" అన్నాడు.

మెట్ల మీద కూర్చుని అన్నం తింటున్నాం. పక్కాయన బయటికొచ్చి, "నలభై తొమ్మిదైంది పటేలా. జర ఆగితే మంచిగుండు" అన్నాడు. ఆయన కలిపిన ముద్ద డబ్బాలో పడేసి లేచాడు.

"మళ్ల కొంట."

"కొను. ఎంతకు దిగితే అమ్ముతవో ముందుగల ముడెయ్యి."

తువ్వాల పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి, అంకె మాత్రం బయటికి రాలేదు. నేను ఆయన పాదాల వైపే చూస్తున్నాను, పైమెట్టు ఎక్కుతాయా, దిగుతాయా అని. చాలాసేపటికి దిగాడు.

ఎకరం రిజిస్ట్రేషన్ అయింది. హద్దురాళ్లు పాతిన రోజు, రాని ఆ అరెకరం వైపు ఇద్దరం చూడకుండా నిలబడ్డాం. ఆ షేరు తర్వాత ఏమైందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

షేర్లు మాత్రం మానలేదు. కొంచెం డబ్బుతో మళ్లీ మొదలుపెట్టాడు. ఒక నెల వచ్చేది, ఒక నెల పోయేది, ఎకరం జోలికి మాత్రం పోలేదు. రోజూ గుమ్మం దగ్గర నిలబడి ముడి వేసుకున్నాకే చెప్పులు తొడిగేవాడు. ఒకరోజు ముడి లేకుండానే వెళ్లి, స్కూటర్ స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి లోపలికొచ్చాడు.

"ఏమైంది?" అన్నాను.

"అంకె దొరుకుతలేదు."

తువ్వాల దండెం మీద వేసి, చాయ్ పెట్టమన్నాడు. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు.