రెండు ముళ్ళ పొట్లం

గోదావరి గట్టున, గుడి ముందు మెట్లమీద నేను పూలబుట్ట పెట్టుకున్న చోటికి సాయంత్రం ఎండ నీళ్ళమీదుగా వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏళ్ళన్నీ ఒకే సాయంత్రంలా అనిపిస్తాయి. మల్లెలు కడుతున్నానో, కూర్చునే కునుకు తీస్తున్నానో నాకే తెలిసేది కాదు.

ఆ బుట్ట అడుగున, తడిగుడ్డ కింద, కండోమ్‌లు ఉండేవి. రెండువేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూ మాట ఇది. ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళ బ్యాగుల్లో అవి కనబడితే అదే సాక్ష్యమని పోలీసులు పట్టుకెళ్ళేవారు. దగ్గర లేకపోతే రోగం. అందుకని వాళ్ళకి ఆరోగ్యం సంగతులు చెప్పే ఒకామె వాటిని తెచ్చి నా దగ్గర దాచేది. మూర మల్లెలతో కలిపి అరిటాకులో చుట్టి, నారతో రెండు ముళ్ళు వేసి ఇచ్చేదాన్ని. మామూలు పొట్లానికి ఒకటే ముడి. సంగతి బయటపడితే గుడి ముందు నన్ను ఇంకొక్క రోజు కూర్చోనివ్వరు. మరి ఎందుకు చేశావంటారా? ఆ ఆడవాళ్ళు నన్ను అక్కా అనేవారు. నేను పిలుపుకే పడిపోయే మనిషిని.

ఒక శనివారం రద్దీలో చెయ్యి తప్పింది. దేవుడి పటానికి రోజూ పూలు కొనే కిరాణా షావుకారు గారి భార్యకి రెండు ముళ్ళ పొట్లం ఇచ్చేశాను. చూసుకునేసరికి ఆవిడ రిక్షా వీధి మలుపు తిరిగిపోయింది. ఇంక నా కొంప మునిగిందనుకున్నాను. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు ఆవిడ ఒక్కతే వచ్చి నా పక్క మెట్టుమీద కూర్చుంది. తిట్టలేదు. ఆ పొట్లం ఎలాంటివాళ్ళ కోసమో ఆవిడకి అర్థమైపోయినట్టుంది. మెల్లగా తన సంగతి చెప్పింది. షావుకారు గారు సరుకుకని వారం వారం తుని వెళతారట. కొన్నాళ్ళుగా ఏవో మాత్రలు దాచుకుని మింగుతున్నారట. ఎందుకో ఆవిడకి తెలుసట. ఆ జబ్బు తనకీ అంటుకుంటుందని భయమట.

"ఇది వేసుకోమని వాళ్ళు మగాళ్ళకి ఎలా చెబుతారమ్మా?" అంది.

నాకేం తెలుసు నా మొహం! నాకూ మొగుడున్నాడు, ఆ మాట నేనూ ఏనాడూ అనలేదు. సరిగ్గా అప్పుడే పొట్లం కోసం వాళ్ళలో ఒకమ్మాయి వచ్చింది. కిళ్ళీ నములుతూ, ఎవరినీ లెక్కచెయ్యని పిల్ల. షావుకారు గారి భార్య లేచిపోతుందనుకున్నాను. ఆవిడ చీర సర్దుకుని పక్కకి జరిగి ఆ అమ్మాయికి చోటిచ్చింది.

అంతా విని, ముందు మొగుడూ పెళ్ళాలిద్దరూ పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవాలంది ఆ అమ్మాయి. మందుల షాపు మాత్రల్ని నమ్ముకోవద్దంది. తనైతే మొదట నవ్వుతూ అడుగుతుందట. వినకపోతే లేచి వచ్చేస్తుందట.

"నేనెక్కడికి లేచి వచ్చేది?" అంది ఆవిడ.

కింద ఒక పడవ చప్పుడు లేకుండా పోతోంది. అది కనుమరుగయ్యేదాకా ముగ్గురం దాన్నే చూశాం.

అప్పుడు ఆ అమ్మాయి కాలుమీద కాలేసుకుని, లేని మీసం దువ్వుతూ, తననే షావుకారనుకుని చెప్పమంది. నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. చివరికి, వడ్డించనా అని అడిగే గొంతుతో చెప్పింది.

"ఏవండీ, ఇది వేసుకోండి. మీకు కోపమొస్తే వద్దులెండి."

ఆ అమ్మాయి మీసం మీంచి చెయ్యి తీసేసింది.

"ఆ రెండో మాట వద్దమ్మా. ప్రాణం మీదకి వచ్చేది దానితోనే."

ఆవిడ మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఆ రెండో మాట వచ్చేసింది. మూడోసారీ అంతే. ఇన్నేళ్ళ అలవాటు కదా, దానంతటదే వచ్చేస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఐదోసారో ఆరోసారో, మొదటి మాట పూర్తవగానే, ఆవిడ రెండు చేతులతో తన నోరు గట్టిగా మూసేసుకుంది.